నల్లబట్ట కట్టిన ఉప్పుకుండ

ఉప్పల్ ఇంకా వేరే మునిసిపాలిటీగా ఉన్న కాలం అది. రింగురోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు. నాచారం మలుపు దగ్గర షేర్ ఆటోలవాళ్లు మనిషి మీద మనిషిని కూర్చోబెట్టుకుని "హబ్సిగూడ, తార్నాక, తార్నాక" అని అరుస్తుండేవారు. మనుషులకు తెలియనిదంతా పుస్తకాల్లో ఉంటుందని, పుస్తకాల్లో ఉన్నదంతా మనుషులకు పనికొస్తుందని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. ఇరవై ఏళ్ల వయసులో ఉండదగిన నమ్మకమే. (నలభై దాటినా అది పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు పుస్తకంలో చదివింది మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్లను ఒక మాట అడుగుతున్నాను.) ఇంటర్‌తో చదువు ఆపేసి నాచారం పారిశ్రామికవాడలో సీసాల మూతలు చేసే చిన్న కంపెనీలో పనికి కుదిరాను. నా ముందు నుంచి మూతలు వరసగా పోతుంటే పగిలినవాటిని ఏరి పక్కన పడెయ్యాలి. కళ్లకు తప్ప బుర్రకు పనిలేని ఉద్యోగం. ఖాళీగా ఉన్న ఆ బుర్రను సెలవు రోజున సైకిలేసుకుని వెళ్లి ఉప్పల్ గ్రంథాలయంలో నింపుకునేవాణ్ణి. కథలూ నవలలూ తీరికున్నవాళ్లు చదువుకుంటారని నా అభిప్రాయం. నేను చదివింది తేనెటీగల పెంపకం, బావుల తవ్వకం, ఉష్ణప్రసారం, గృహవైద్యం. మాకు తేనెటీగలు లేవు, బావి తవ్వుకునే జాగా అంతకన్నా లేదు. అయినా ఎప్పుడు ఏది అవసరపడుతుందో ఎవరికి తెలుసు అనుకునేవాణ్ణి.

మేముండేది ఒకే ప్రహరీ లోపల నాలుగైదు పోర్షన్లున్న ఇంట్లో. ఇంటి యజమానురాలిని అందరం ఓనరమ్మ అనేవాళ్లం. అసలు ఉప్పల్ మనిషి, పెద్ద గొంతు, పెద్ద మనసు. ఆమె మాటకు ఎదురుమాట ఆ ప్రహరీ లోపల పుట్టలేదు. మా పక్క పోర్షన్ ఆటో నడిపే మామది. మేడమీద ఒంటిగదిలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మాస్టారు, ఆయన భార్య ఉండేవారు. మాస్టారు హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్లో సైన్సు చెప్పేవాడు. ఆయన భార్యను నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. కింద మా ఇంట్లో అమ్మ, నాయిన, నేను.

నాయిన చాలా ఏళ్లు నాచారంలోనే ఒక ఫౌండ్రీలో పనిచేశాడు. కరిగిన ఇనుము ముందు పొద్దంతా నిలబడే మనిషి. ఒంట్లో ఉప్పంతా చెమటై కారిపోయేది కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని మళ్లీ నింపుకునేవాడు. పళ్లెంలో అన్నం పడకముందే ఒక పక్కన దొడ్డుప్పు పడాలి. పచ్చిపులుసులో ఉప్పు, తొక్కులో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, ఆపైన ఈ పక్కనున్నది. "నా చెమటల ఉన్నంత ఉప్పన్న మీ కూరల లేకపాయె" అని అమ్మను ఆటపట్టించేవాడు. అలాంటి మనిషికి ఒక ఎండాకాలంలో మొదట కాళ్లు వాచాయి, కళ్లు తిరిగాయి, ఫౌండ్రీలోనే కూలబడ్డాడు. లాలాపేట దవాఖానాలో డాక్టరు బీపీ చూసి, పనికి కొన్నాళ్లు పోవద్దన్నాడు. ఉప్పు బాగా తగ్గించమన్నాడు, అసలు ముట్టకపోతే ఇంకా మంచిదన్నాడు.

డాక్టర్లు అలా అంటారు. రోగులు తలూపి వచ్చి, ఇంట్లో ఎవరూ చూడనప్పుడు చిటికెడు వేసుకుంటారు. లోకం అలా నడుస్తుంది. మా నాయిన లోకంలో చేరినవాడు కాదు. ఒప్పుకున్న మాట తప్పడు. ఉప్పు మానేశాడు. దాంతోపాటు తిండి కూడా మానేశాడు. అమ్మ ఆయనకోసం వేరే గిన్నెలో ఉప్పులేకుండా వండి, పళ్లెం ముందు పెట్టి కూర్చునేది. ఆయన రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, మూడోది వేళ్లతో కలుపుతూ కలుపుతూ అలాగే వదిలేసేవాడు.

"జర తినయ్యా. ఖాళీ కడుపుల గోలీలు ఏస్కుంటె తిప్పుతది" అనేది అమ్మ.

"డాక్టరు ఉప్పు తినొద్దన్నడు, తింటలేను. కూడు తినుమని ఆయన జెప్పలే గద."

"గడ్డి లెక్క ఉంటదని నాకు తెల్సు. మందనుకోని మింగు."

"మందైతె మూడు గోలీలిచ్చిండు. పళ్లెం నిండ ఎవలన్న మందు తింటరా?"

ఇది వినడానికి నవ్వులాటే. కానీ వారాలు గడిచేకొద్దీ ఆయన అంగీ మెడ దగ్గర వదులైంది, లుంగీ ముడి రోజూ కొంచెం కొంచెం లోపలికి జరిగింది. పొద్దున మంచంలోంచి లేచి గోడ పట్టుకుని నిలబడేవాడు. మేడ మెట్లు ఎక్కడం మానేశాడు. కాళ్ల వాపు తగ్గలేదు, మనిషి మాత్రం తగ్గిపోయాడు. రాత్రి గిన్నెలు కడుగుతూ అమ్మ ఆ వదిలేసిన అన్నాన్ని పారబొయ్యలేక తానే తినేది, ఉప్పు వేసుకోకుండా. ఆమెకు బీపీ లేదు. ఎందుకమ్మా అంటే, "ఎట్లుంటదో నాకు గూడ తెల్వాలె గద" అంది. అది విన్నాక పుస్తకాలు పట్టుకోకుండా ఉండడం నావల్ల కాలేదు.

అమ్మ దగ్గర పొడుల డబ్బాలు చాలా ఉండేవి. నువ్వుల పొడి, పల్లీల పొడి, కరివేపాకు పొడి, ఎల్లిపాయ కారం. కూర బాగా లేని రోజున ఇంటి పరువు నిలబెట్టేవి అవే. వాటినే ఉప్పులేకుండా దంచి పెడితే నాయిన తింటాడనుకుంది. తినలేదు. నేనూ రుచి చూశాను. అన్నీ ఉన్నాయి, ఏదీ లేదు. నువ్వులు నువ్వుల్లా లేవు, వెల్లుల్లి ఘాటుగా ఉంది తప్ప వెల్లుల్లిలా లేదు. ఉప్పు అనేది ఒక రుచి కాదు, మిగిలిన రుచులకు తలుపు తీసే మనిషి అని నాకు ఆరోజు తట్టింది. (ఇది నా సొంత ఆలోచన. తర్వాత గ్రంథాలయంలో ఇదే సంగతి ఒక పుస్తకంలో కనబడితే, రాసినాయన నాకంటే ముందు పుట్టడం తప్ప గొప్పేముంది అనుకున్నాను.) ఆ పుస్తకం సారం ఏమిటంటే, ఉప్పు తగ్గించాలంటే దాన్ని ఒంటరిగా వదలకూడదు. పులుపు, ఘాటు, వాసన తోడిచ్చి ముందే కలిపి పెట్టుకుంటే చిటికెడు ఉప్పు గుప్పెడు పని చేస్తుంది. ఇతర దేశాల్లో ఇలాంటి మసాలా ఉప్పులు సీసాల్లో పెట్టి అమ్ముతారట. చదివి పులకించిపోయాను. మూతలు చేసేది మేము, సీసాల్లోది ఎవరో అమ్ముకోవడమా అనిపించింది.

మొదటి ప్రయత్నంగా ఓమ, మిరియాలు, ధనియాలు దోరగా వేయించి, ఉప్పు నామమాత్రంగా కలిపి పొడి చేశాను. నాయిన ఒక వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుని చాలాసేపు గోడవైపు చూశాడు.

"ఇది దగ్గుకా, అరుగుదలకా?" అన్నాడు.

రెండోసారి కొత్తిమీర, పుదీనా నీడలో ఎండబెట్టి చేశాను. "మేక కడుపుల ఏముంటదో ఇయ్యాల తెల్సింది" అన్నాడు. అమ్మ తన మిక్సీ జారులోంచి ఆ వాసన పోవడం లేదని నన్ను వంటింట్లోంచి వెళ్లగొట్టింది. నేను తగ్గలేదు. శాస్త్రవేత్తలను కూడా వాళ్ల కాలంలో ఇళ్లలోవాళ్లు వెళ్లగొట్టే ఉంటారు.

మూడో ప్రయత్నానికి మాత్రం నా చదువంతా ఒకచోటికి తెచ్చాను. నిమ్మకాయలను సగానికి కోసి, కొంచెం దొడ్డుప్పు, పసుపు, ఎర్రటి కారం బాగా రుద్ది, మధ్యమధ్య ఎండుమిరపకాయలు, ఆవాలు, వెల్లుల్లి రెబ్బలు పేర్చి ఎండలో మగ్గబెట్టాలి. తర్వాత అన్నీ ఆరబెట్టి దంచుకోవాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. తక్కినదే నా పాండిత్యం. స్టీలు డబ్బాలో చెమ్మ నిలుస్తుంది, మట్టి చెమ్మను పీల్చుకుంటుంది, అందుకని కొత్త మట్టికుండ తెచ్చాను. నలుపు రంగు వేడిని గుంజుకుంటుందని ఉష్ణం పుస్తకంలో ఉంది, అందుకని విరిగిపోయిన గొడుగు బట్ట కత్తిరించి మూతిమీద కప్పాను. కట్టడానికి అమ్మ కుట్టుపెట్టెలో చేతికి దొరికింది ఎర్రదారం, దానితో కట్టాను. మేడమీద ఎండ ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తుందో తెలుసుకోవాలి కదా, అందుకని అంతకుముందు సెలవు రోజున పిట్టగోడ నీడ ఎలా జరుగుతుందో చాక్‌పీసుతో గీతలు గీసి, గీతలన్నీ తప్పించుకున్న చోట ఒక గుండ్రటి గీత గీసి పెట్టుకున్నాను. ఆ చోటు సరిగ్గా మాస్టారి గడప ఎదురుగా వచ్చింది. శాస్త్రం ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోవాలి. ఆదివారం పొద్దున్నే అమ్మ కూరగాయలకు వెళ్లినప్పుడు కుండ సర్ది, మేడెక్కి, ఆ గుండ్రటి గీత మధ్యలో పెట్టి, సైకిలెక్కి గ్రంథాలయానికి వెళ్లిపోయాను. తిథులూ నక్షత్రాలూ చూసుకునే అలవాటు నాకు లేదు. ఆరోజు అమావాస్య.

మధ్యాహ్నం దాటాక చంకలో ఒక పుస్తకంతో తిరిగొచ్చేసరికి మా గేటు ముందు జనం. పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు రోడ్డుమీదే నిలబడ్డారు. నాయినకేమైనా అయిందేమోనని సైకిలు అక్కడే వదిలేసి లోపలికి ఉరికాను. నాయిన మంచం మీదే ఉన్నాడు, కళ్లు మూసుకుని, పక్కన స్టూలు మీద మూతపెట్టిన మధ్యాహ్నపు పళ్లెంతో. కేకలు మేడమీద నుంచి వస్తున్నాయి. మెట్లెక్కి చూద్దునుకదా, నా కుండ చుట్టూ అందరూ దూరంగా గుండ్రంగా నిలబడి ఉన్నారు. గాలికో పిల్లికో బట్ట కాస్త జరిగి, ఎర్రగా పసుపుగా నిమ్మకాయ చెక్కలు బయటికి కనిపిస్తున్నాయి. ఓనరమ్మ నడుముకు కొంగు బిగించి ఆకాశంతో మాట్లాడుతోంది.

"ఎవలో గాని ఆ చెయ్యి విరిగిపోను! ముగ్గేసి, నిమ్మకాయలు గోసి, పసుపు కుంకుమ వెట్టి, నల్లబట్ట గట్టి నా ఇంట్లనే వెడ్తవా? అమాస దినం జూసి వెడ్తవా?"

ఆటో మామ ఒక కర్ర పట్టుకుని కుండకు కాపలా కాస్తున్నాడు. (కుండ ఎటు పారిపోతుందనో.) "నేను పొద్దుగాల్నే సూసినక్కా. మాస్టారోళ్లు పూలచెట్టు వెడ్తున్నరేమో అనుకున్న" అన్నాడు.

మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ముందు ఆయన భార్య, ఆమె వెనక ఆయన. "నేనిలాంటివి నమ్మనండీ. సైన్సు చెప్పుకునేవాణ్ణి. అయినా ఎందుకైనా మంచిది, ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు.

"ఆ నమ్మకపోవడమేదో ముందుకొచ్చి నమ్మకపోండి. నా వెనక నిలబడతారేం?" అంది పిన్నిగారు. పాపం, పొద్దున తలుపు తీయగానే మొదట చూసింది ఆమేనట.

లాలాపేటలో ఇలాంటివి తీసేసే మనిషి ఒకాయన ఉన్నాడని, ఆయనకోసం మనిషిని పంపారని తెలిసింది. ఇక ఆలస్యం చేయకూడదనుకుని, చదువుకున్నవాడు భయస్థులకు ధైర్యం చెప్పే గొంతుతో, "ఎవరూ భయపడకున్రి. అది నాది" అన్నాను.

అందరి కళ్లూ కుండ మీంచి నా మీదికి మళ్లాయి.

"నీదా?" అంది ఓనరమ్మ. "ఎవలి మీద జేసినవ్ రా?"

"ఎవరి మీదా కాదు. మసాలా ఉప్పు. ఎండబెట్టిన."

"మొగపోరడివి, నువ్వు ఉప్పెండబెడ్తవా? మరి నల్లబట్టెందుకు?"

"నలుపు ఎండను గుంజుకుంటది."

"ఎర్రదారం?"

"అదే దొరికింది."

"కొత్త కుండెందుకు? ఇంట్ల గిన్నెలు లేవా?"

"మన్ను చెమ్మ తాగుతది గద ఓనరమ్మా, అందుకని..."

"మరి గీ ముగ్గు?"

"ముగ్గు గాదు. నీడ ఎట్ల వోతదో కొలిచిన."

"నీడలు గొలుస్తున్నడట!" అని ఆమె అందరివైపు తిరిగింది. నేను చెప్పేకొద్దీ జనం ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తున్నారు. నా దగ్గర ప్రతి ప్రశ్నకూ జవాబుంది, ప్రతి జవాబూ శాస్త్రీయమైనది, అన్నీ కలిపితే మాత్రం చేతబడి. చివరి ప్రయత్నంగా చంకలోని పుస్తకం తీసి చూపించబోయాను. ఓనరమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "దాన్ని నా మీదికి తేకు! గవే నేర్పిస్తున్నరా మీ లైబ్రరీల?" (అది తేనెటీగల పెంపకం. మూడోసారి తెచ్చుకున్నాను.) మాస్టారు సైన్సు తరఫున నా పక్షాన ఒక మాటంటాడేమోనని ఆయనవైపు చూశాను. ఆయన మేఘాలవైపు చూస్తున్నాడు.

"సరే, ఎవలికోసం జేసినవ్, అది జెప్పు" అన్నాడు ఆటో మామ, కాస్త మెత్తగా.

"మా నాయిన కోసం" అన్నాను.

ఆ మాటతో అంతా అయిపోయింది. ఆటో మామ కర్ర కిందికి దించాడు. "అందుకేనా, బావ దినదినం గట్ల ఎండిపోతున్నది?" అన్నాడు, ఎవరినీ అడగనట్టుగా. వాళ్లందరూ కొన్ని నెలలుగా నాయిన తరిగిపోవడం చూస్తూనే ఉన్నారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. అప్పుడే మెట్లమీద అమ్మ కనిపించింది. నా వంటింటి ప్రయోగాలు ఆమెకు తెలుసు, కానీ ఈ కుండ సంగతి తెలియదు. ముగ్గులాంటి ఆ గీతల్ని, నల్లబట్టను, జనం ముఖాలను చూసి, చివరికి నా ముఖం చూసింది.

"ఏంజేసినవ్ రా?" అంది.

అందులో తిట్టు లేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నేను చేతబడి చేశానో లేదో ఆమెకు నిజంగా తెలియలేదు. ఎన్ని రాత్రులు ఆ వదిలేసిన అన్నం తింటూ ఎందుకిలా అవుతోందని అనుకుని ఉంటుందో. ఏదో ఒక కారణం దొరికితే చాలు అనిపించే దశకు వచ్చిన మనిషి. ఆ చూపు ముందు నా చదువంతా నోరు మూసుకుంది. ఓనరమ్మ మాత్రం మూసుకోలేదు. "ఇయ్యాల పొద్దు గూకే వరకు పోర్షను ఖాళీ జేయున్రి. నాకు పిల్లలున్నరు. తమ్ముడు బతకాలంటె ఈ పోరన్ని గూడ దూరం వెట్టున్రి" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయినను ఆమె తమ్ముడనే పిలిచేది, తమ్ముడిలాగే చూసేది. అందుకే నాకు ఆమె మీద కోపం కూడా రాలేదు.

మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఆగడం, ఊపిరి. మళ్లీ ఒక మెట్టు. అందరూ అటు తిరిగారు. ఎన్నాళ్లుగానో ఆ మెట్లు ఎక్కని నాయిన, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేతిలో మూతపెట్టిన పళ్లెంతో పైకొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. ఆ ముఖం అంత ఎర్రగా ఉండడం ఫౌండ్రీ మానేశాక నేను చూడలేదు. ఆయన చాక్‌పీసు గీతలు తొక్కుకుంటూ నేరుగా వెళ్లి కుండ పక్కన కూర్చున్నాడు.

"ఇదేనా?" అన్నాడు నాతో.

"ఇదే నాయినా."

దారం తెంపి బట్ట పక్కకు పారేశాడు. పళ్లెం మూత తీశాడు. చల్లారిపోయిన అన్నం, ఉప్పులేని పప్పు. కుండలో చెయ్యిపెట్టి ఒక నిమ్మచెక్క తీసి అన్నం మీద పిండబోయాడు.

"తమ్మీ, వద్దు! నోట్లె వెట్టకు!" అని ఓనరమ్మ అరిచింది. పిన్నిగారు కళ్లు మూసుకుంది. "నాయినా, అంత వద్దు, దాంట్ల ఉప్పున్నది!" అని నేనూ అరిచాను. మేడమీద ఉన్నవాళ్లంతా మంత్రానికి భయపడుతుంటే ఉప్పుకు భయపడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన ఎవరి మాటా వినలేదు. పిండాడు, ఒక వెల్లుల్లి రెబ్బ వేళ్లమధ్య నలిపాడు, కలిపాడు, తిన్నాడు. ఒక ముద్ద. రెండు. మూడోది దగ్గర అమ్మ మెట్లమీదే కూర్చుండిపోయింది. ఆయన తల ఎత్తకుండా, తొందరపడకుండా, ఫౌండ్రీ నుంచి వచ్చిన రోజుల్లో తిన్నట్టు తిన్నాడు. పళ్లెం అంచుకు అంటిన పప్పు కూడా వేలితో తీసి నాకాడు.

అయ్యాక ఓనరమ్మ వైపు చూశాడు. "అక్కా, చేతబడి గింత రుచిగుంటదా? అయితె నాకు దినాం చేపియ్యున్రి."

ఎవరూ నవ్వలేదు. ఇంకా ఆయనకు ఏమవుతుందోనని చూస్తున్నారు.

"వీనికి చేతబడే వస్తె మూతల కంపెనీల ఎందుకు వనిజేస్తడు? ముందుగాల ఆ కంపెనీ ఓనరు మీద జేసుకోడా?" అన్నాడు నాయిన.

ముందు పిన్నిగారు నవ్వింది, భయం తీరిన మనిషి నవ్వే నవ్వు. తర్వాత ఆటో మామ. ఆ తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో తెలియలేదు. మాస్టారు ముందుకొచ్చి, "నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నానండీ, నలుపు రంగు ఉష్ణాన్ని గ్రహిస్తుందని" అన్నాడు. అమ్మ వచ్చి నాయిన చేతిలోంచి ఖాళీ పళ్లెం తీసుకుని, దాన్ని తిప్పి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి వెళ్లిపోయింది. ఓనరమ్మ నా నెత్తిమీద ఒక మొట్టికాయ వేసింది. "ఉప్పెండబెట్టుకుంటె ఉప్పని చీటీ వెట్టాలె గద రా, మంత్రగాడా!" అంది. లాలాపేట మనిషి అప్పుడే ఆయాసపడుతూ వచ్చాడు. జరిగింది విని ఆయన ముఖం చిన్నబోయింది. వచ్చినాయనను ఉత్తచేతులతో పంపడం ఓనరమ్మకు ఇష్టం లేక, గేటుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి పొమ్మంది. నిమ్మకాయ మా ఇంట్లో మిగిలినదే ఇచ్చాను.

ఆ ఉప్పు మగ్గింది, ఎండింది. ఈసారి అమ్మే రోట్లో దంచి సీసాలో పోసింది. నాయిన రోజూ పూటకొక చిటికెడు వేసుకుని పళ్లెం ఖాళీ చేసేవాడు. మేడమీదే తింటానని పట్టుబట్టేవాడు. మాస్టారితో కబుర్లు చెబుతూ, ప్రత్యేక రాష్ట్రం వస్తుందా రాదా అని ఆయనతో వాదిస్తూ తినేవాడు. మెల్లగా కాళ్ల వాపు తీసింది, అంగీ మెడ దగ్గర మళ్లీ నిండింది. డాక్టరు ఏం తింటున్నావని అడిగితే, "మావోడు చేతబడి జేసిండు సార్" అన్నాడట. నాయిన మెచ్చుకోవడం విని ఆ ప్రహరీ లోపలి ఆడవాళ్లందరూ వచ్చి ఎలా చేశావో చెప్పమన్నారు. నేను కూడా ఉష్ణప్రసారంతో మొదలుపెట్టి వివరంగా చెప్పేవాణ్ణి. చెప్పడంలో పడి రుచి చూడడం మర్చిపోయాను. కొన్నాళ్ల తర్వాత ఒకరోజు అన్నంలో కలుపుకున్నాను. చేదు. మామూలు చేదు కాదు, వేపాకు కూడా మర్యాదగా పక్కకు తప్పుకునే చేదు. అది పడేద్దామనుకుంటుండగా పిన్నిగారు చిన్నగా పిలిచి చెప్పింది, "అబ్బాయ్, ఏమనుకోకు. నిమ్మతొక్క లోపలి తెల్లది గీకేసి, ఆఖర్న కాస్త ఇంగువ వెయ్యాలి. నేనలా చేశాను, ఇదిగో." ఆమెది నిజంగా అమృతంలా ఉంది. ఆ సీసా తెచ్చి నాయిన ముందు పెట్టాను. ఆయన వాసన చూసి మూత పెట్టేశాడు. "ఇది మీరు తినున్రి. నాకు నాదే ఉండనియ్యి" అన్నాడు. నా చేదు ఉప్పు అయిపోతే మళ్లీ అలాగే చేయించుకున్నాడు, తెల్లది గీకనివ్వకుండా. నేను పొంగిపోయాను. నా మిశ్రమంలో పిన్నిగారికి అందని సూక్ష్మమేదో ఉందని చాలా ఏళ్లు నమ్మాను.

రాష్ట్రం వచ్చిన రోజున ఉప్పల్ రింగురోడ్డు మీద డప్పులు, గులాలు, మనుషులు. నాయిన చూస్తానని అడిగితే తీసుకెళ్లాను. అప్పటికి బాగా పెద్దవాడైపోయాడు. జనంలోంచి పక్కకు తెచ్చి మిర్చిబజ్జీల బండి దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాను. బండివాడు బజ్జీల మీద ఉప్పుకారం చల్లబోతే నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు. అది చూసి నాకు అడగాలనిపించింది.

"నాయినా, నిజం జెప్పు. ఆ రోజు మేడమీద తిన్నవ్ గద, నిజంగ బాగుండెనా?"

ఆయన బజ్జీ తుంచుకుంటూ ఆలోచించాడు. "యాదికి లేదు రా. నిన్ను గట్ల అంటుంటె మస్తు కోపమొచ్చింది. గంత కోపంతోని అన్ని మెట్లెక్కిన. ఎక్కినంక ఆకలైంది."

"మరి తర్వాత? అన్నేండ్లు?"

"అందరి ముందట బాగుందంటిని. ఇంగ తినకుంటె నీ ఇజ్జతేం గావాలె?"

డప్పులు దగ్గరికొచ్చాయి. ఆయన అటు తిరిగి చూస్తూ కూర్చున్నాడు. నా వంతు బజ్జీ చేతిలోనే చల్లారిపోయింది.

నాయిన ఇప్పుడు లేడు. నాకూ ఈమధ్య డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఎందుకు తగ్గించాలో ఆయనకంటే వివరంగా చెప్పగలను, చదివాను కదా. కానీ ఉప్పులేని సొరకాయ కూర ముందు కూర్చుంటే చదివినదేదీ ఆకలి పుట్టించడం లేదు. మూడో ముద్ద వేళ్లతో కలుపుతూ కలుపుతూ అలాగే ఉండిపోతున్నాను. మా అమ్మాయి బడి నుంచి ఏవో పుస్తకాలు తెచ్చుకుని వంటింట్లో డబ్బాలు దించుతోంది, వాసనలు చూస్తోంది, నన్ను చూడగానే తలుపు మూసేస్తోంది. నేనేమీ అడగడం లేదు. నా మీద చేతబడి ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఓపిగ్గా ఎదురుచూస్తున్నాను. ఎంత చేదుగా ఉన్నా, నలుగురి ముందూ ఏమనాలో నాకు తెలుసు.